పికెట్ అంటే ఏ పికెట్? - సమ్మె గీతను వాడ నుంచి చదవడం

తెలుగులో పికెట్ అనే మాటకు రెండు అర్థాలున్నయి. యూనియన్ ఆఫీసులో అడిగితే పికెట్ అంటే గేటు ముందర కార్మికులు కాసే కాపలా. సమ్మె నడుస్తుండగా లోపలికి పోయి పని చేసేటోళ్ళను ఆపే వరస. అదే మాటను మాలవాడలోనో మాదిగ గూడెంలోనో అడగండి. పికెట్ అంటే పోలీసులు. గొడవ అయినంక వాడ మొదట్ల వేసే టెంటు, అందులో నలుగురు కానిస్టేబుళ్ళు, పక్కన ఒక జీపు. మొదటి పికెట్‌ను కష్టజీవి పెడతడు. రెండో పికెట్‌ను కష్టజీవి మీద పెడతరు. మొదటిదాని గురించి పాటలున్నయి, కథలున్నయి, పార్టీ తీర్మానాలున్నయి. రెండోది కేసు కాగితాల్లో, నిజనిర్ధారణ నివేదికల్లో మాత్రమే కనపడతది.

ఒకే మాటకు ఇట్ల రెండు ముఖాలు ఎందుకొచ్చినయి? ఆ ఇంగ్లీషు మాటకు సైన్యపు కావలి దండు అనే అర్థం ముందునుంచీ ఉన్నది, కార్మికులూ పోలీసులూ ఇద్దరూ దాన్నే తీసుకున్నరు అని చెప్పి ఊరుకోవచ్చు. నిఘంటువుకు అది చాలు. మనకు చాలదు. ఎందుకంటే ఎవరు ఏ పికెట్‌ను చూసుకుంట పెరిగిండ్రు అనేది నిఘంటువు తేల్చే సంగతి కాదు, కులం తేల్చే సంగతి. కల్లు దుకాణాల ముందర, విదేశీ బట్టల దుకాణాల ముందర జాతీయోద్యమం పెట్టిన పికెటింగును బడి పుస్తకంలో చదివినోడు ఒక రకంగా ఈ మాటను వింటడు. తన ఇంటి ముందర పికెట్ చూసినోడు ఇంకో రకంగా వింటడు.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న ఒకటే. సమ్మె చేసేటోళ్ళు గీసే గీతకు నైతిక బలం ఎక్కడినుంచి వస్తది? న్యాయమైన డిమాండు నుంచి వస్తదని కార్మిక సంఘాలు చెప్తయి. అది సగమే నిజం. దాటొద్దని మనం ఎవరిని అడుగుతున్నమో, ఆ మనిషికి ఆ గీత గీయడంలో భాగం ఉండాలె. భాగం లేనోని ముందర గీసిన గీత, ఎంత ఎర్రరంగుతో గీసినా సరే, ఊరికీ వాడకూ నడుమ ఉన్న పాత గీత లెక్కనే పని చేస్తది.

నెక్కొండలో గేటు ఎక్కడున్నది?

కాజీపేట నుంచి విజయవాడ పోయే రైలు మార్గం మీద, వరంగల్‌కూ మహబూబాబాద్‌కూ మధ్యన నెక్కొండ స్టేషన్ ఉంటది. మండల కేంద్రం. తహసీల్ ఆఫీసు, గ్రామ పంచాయతీ, వ్యవసాయ మార్కెట్ యార్డు ఉన్నయి. సైరన్ కూతతో పొద్దు లేచే ఊరు మాత్రం కాదు. అయితే ఇసొంటి ఊళ్ళల్ల కార్మికులు లేరా? పట్టాల వెంట పానా, సుత్తె పట్టుకొని నడిచే గ్యాంగ్‌మన్ కార్మికుడు కాదా? యార్డులో బస్తాలు మోసే హమాలీ, తెల్లారకముందే మోరీలు తీసే పంచాయతీ సఫాయి, ఊరికి ఏ అధికారి వచ్చినా ముందర నడిచే సుంకరి, పత్తి ఏరే కూలి తల్లి - వీళ్ళంతా ఎవరు?

వీళ్ళల్ల ఎవరికి గేటున్నది? మన సమ్మె ఊహ మొత్తం గేటు చుట్టూ అల్లుకున్నది. లోపల యంత్రం, బయట కార్మికుడు, నడుమ ఒక్కటే దారి. ఆ దారికి అడ్డం కూసుంటే ఉత్పత్తి ఆగుతది. బొంబాయి మిల్లుకూ సింగరేణి బావికీ ఈ లెక్క సరిపోతది. కాని చెలకకు గేటు ఉండదు. మోరీకి గేటు ఉండదు. చాటింపు వేసేటోనికి ఊరంతా పనిస్థలమే. ఇసొంటి పనులల్ల ఉన్నోళ్ళు సమ్మె చేస్తే ఎక్కడ నిలబడాలె? ఎవరిని ఆపాలె?

గేటు లేనంత మాత్రాన గీత లేదనుకుంటే తప్పు. తెలంగాణ పల్లెల్లో గీతలకు కరువు లేదు. ఎవరు ఏ బావి కాడికి పోవచ్చు, ఎవరికి హోటల్లో ఏ గ్లాసులో చాయ పోస్తరు, ఎవరు ఏ గుడి గడప దాకా రావచ్చు అని చెప్పే గీతలు సమ్మెకంటే ముందునుంచీ ఉన్నయి. వీటిని కాసేందుకు ఎవరూ జెండా పట్టుకొని నిలబడాల్సిన పని లేదు. పొద్దున లేస్తే ఊరే కాపలా కాస్తది. దాటితే ఏమైతదో అందరికీ తెలుసు. పికెట్ లైన్ అంటే దాటరాని గీత అని నిర్వచనం చెప్పినంక, ఈ దేశంలో అన్నిటికంటే పాత పికెట్ లైన్ ఏది అని అడగక తప్పదు. మన కార్మికోద్యమ చరిత్రకారులు ఈ ప్రశ్నను తమ పుస్తకాల మొదటి అధ్యాయంలో పెట్టలేదు. చివరి అధ్యాయంలోనూ చాలామంది పెట్టలేదు.

సంగదాసు ఎందుకు చనిపోయిండు?

తెలుగులో కూలి పోరాటాన్ని కథా వస్తువుగా తీసుకున్న తొలి పెద్ద నవల ఉన్నవ లక్ష్మీనారాయణ 'మాలపల్లి'. 1922లో అచ్చయింది, మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. కోస్తా పల్లెలో కూలివాళ్ళ పక్షాన నిలబడ్డ సంగదాసు, ఆసామి చౌదరయ్య చేతి దెబ్బకు చనిపోతడు. మాల యువకుణ్ణి నాయకుడుగా నిలబెట్టడం, కూలి తగాదాను నవల నడుమకు తేవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు. ఆ గౌరవం ఇయ్యాల్సిందే.

ఇచ్చినంక అడగాల్సింది కూడా అడగాలె. సంగదాసు చనిపోయినంక నవల చూపు ఎటు తిరుగుతది? ఆయన త్యాగం మీదికి తిరుగుతది. ఆసామి కొడుకు రామానాయుడు మిత్రుని ఆశయాన్ని భుజాన ఎత్తుకుంటడు. సంగదాసు పేరు నిలుస్తది, ఆదర్శం నిలుస్తది. మరి కూలి తగాదా? పని ఆపినోళ్ళు తెల్లారి ఏం తిన్నరు, వాళ్ళ స్థానంలోకి ఎవరొచ్చిండ్రు, వచ్చినోళ్ళకూ ఆపినోళ్ళకూ మధ్య ఏం మాట నడిచింది అనే సంగతులు నవలకు అంత ముఖ్యం కావు. సమ్మె అక్కడ ఒక మనిషి గొప్పతనానికి రుజువుగా మారుతది. ఒక ఏర్పాటుగా, రోజువారీ కష్టంగా నిలబడదు.

ఉన్నవవారి ఒక్కరి లోపమైతే దీన్ని ఇంత దూరం లాగాల్సిన పని లేదు. తర్వాత వచ్చిన అభ్యుదయ, విప్లవ సాహిత్యంలో చాలా భాగానికి ఇదే అచ్చు అయింది. సమ్మె కథలో వీరుడుంటడు, ద్రోహి ఉంటడు. ద్రోహి పేరు బ్లాక్‌లెగ్. నల్లకాలు! నలుపు తిట్టు ఎట్ల అయిందని అడిగినోళ్ళు తక్కువ. ఆ నల్లకాలోడు ఏ వాడ నుంచి వచ్చిండు, నిన్నటిదాక ఆ ఫ్యాక్టరీ వానికి ఎందుకు పని ఇయ్యలేదు, సమ్మె గెలిస్తే వానికి ఏం దొరుకుతది అని అడిగిన కథలు ఇంకా తక్కువ. ద్రోహిని ఆకలి తప్ప ఏమీ లేని మనిషిగా చూపిస్తే కథలో ఎరుపు పలచబడతదని మన రచయితల భయం. ఆ భయంతోటి కథ బతికింది గాని మనిషి తప్పిపోయిండు.

అంబేద్కర్ గీత దాటిండా?

ఈ ప్రశ్నను మొట్టమొదట సూటిగా అడిగినాయన బొంబాయిలో ఉన్నడు. 1928లో బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె నడిచింది. గిర్నీ కామ్‌గార్ యూనియన్ కమ్యూనిస్టుల చేతుల్లో ఉన్నది. అప్పుడు మిల్లుల్లో నేత ఖాతాలో కూలి ఎక్కువ. అస్పృశ్యులకు ఆ ఖాతాలో ప్రవేశం లేదు. కారణం ఏంది? నూలు తెగితే దారాన్ని నోటితో పీల్చి నాడెలోకి ఎక్కించాలె. అస్పృశ్యుని నోరు తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. ఈ కట్టడి పెట్టింది యజమాని కాదు. తోటి కార్మికుడే. అంటే మిల్లు గేటు లోపల ఇంకో గేటు ఉన్నది. ఆ గేటుకు కాపలా కాసింది సంఘటిత కార్మికవర్గమే.

నేత ఖాతా తలుపు తెరవాలనే కోరికను కూడా సమ్మె డిమాండ్లల్ల చేర్చాలని అంబేద్కర్ నాయకులను అడిగిండ్రు. అయిష్టంగానే చేర్చిండ్రు. 1929లో మళ్ళీ సమ్మె వచ్చినప్పుడు ఆయన దాన్ని వ్యతిరేకించి, అస్పృశ్య కార్మికులు పనికి పోవాలనే వైపు నిలబడ్డరు. అప్పటినుంచీ ఆయన మీద ఒక ముద్ర ఉన్నది: సమ్మెకు వ్యతిరేకి, కార్మిక ఐక్యతను చీల్చినోడు.

ఈ ముద్ర నిలబడేదే అయితే 1938 సంగతి ఏం చేస్తరు? బొంబాయి కాంగ్రెసు ప్రభుత్వం పారిశ్రామిక వివాదాల బిల్లు తెచ్చి చాలా సమ్మెలను చట్టవిరుద్ధం చేయబూనింది. శాసనసభలో దానికి ఎదురు నిలబడ్డది ఇదే అంబేద్కర్. పని మానుకునే హక్కు లేని మనిషి బానిసే అవుతడన్నది ఆయన వాదన సారం. అదే సంవత్సరం నవంబర్ 7న ఇండిపెండెంట్ లేబర్ పార్టీ, కమ్యూనిస్టులు కలిసి ఒకరోజు సమ్మె చేసిండ్రు. 1929లో గీత దాటించినాయన 1938లో గీత గీసినోళ్ళల్ల ఒకడు.

మారింది అంబేద్కర్ కాదు. గీత మారింది. 1929 గీతలో అస్పృశ్య కార్మికునికి చోటు లేదు, వాని ఆకలికి మాత్రం చోటున్నది. 1938 గీతను గీసిన చేతుల్లో వాని చెయ్యి కూడా ఉన్నది. ఈ రెండు సంవత్సరాలను పక్కపక్కన పెట్టి చదవకపోతే అంబేద్కర్ కూడా అర్థం కాడు, పికెట్ లైను కూడా అర్థం కాదు.

1938లోనే, ఫిబ్రవరిలో, మన్మాడ్‌లో అస్పృశ్య రైల్వే కార్మికుల సభ జరిగింది. కార్మికులకు ఇద్దరు శత్రువులున్నరు, ఒకటి బ్రాహ్మణవాదం, రెండోది పెట్టుబడిదారీ విధానం అని ఆయన చెప్పింది అక్కడే. ఆ మాటను మన సభల్లో వెయ్యిసార్లు చెప్పుకున్నం. అదే ఉపన్యాసంలో ఉన్న చిన్న వివరాన్ని మాత్రం ఎక్కువగా పట్టించుకోలేదు. అస్పృశ్యులు రైల్వేలో ఎక్కువగా గ్యాంగ్‌మన్లుగానే మిగిలిపోతున్నరు, వాళ్ళను పోర్టర్లుగా తీసుకోరు అని ఆయన చెప్పిండ్రు. ఎందుకు తీసుకోరంటే పోర్టరు స్టేషన్ మాస్టర్ ఇంట్ల పనికి కూడా పోవాల్సి వస్తది. అస్పృశ్యుణ్ణి ఇంట్లకు రానీయరు. వంటింటి గడప ప్లాట్‌ఫారం దాకా సాగొచ్చిందన్న మాట.

ఈ ఒక్క వివరంతో నెక్కొండ లాంటి చిన్న స్టేషన్‌ను చూసే తీరు మారుతది. స్టేషన్ అంటే ఆధునికత అని మనం నమ్మినం. రైలు కులాన్ని కలిపేస్తదని, పెట్టెలో అందరూ పక్కపక్కన కూసుంటరని చెప్పుకున్నం. పెట్టెలో కూసున్నోళ్ళ మాట నిజం కావచ్చు. పెట్టె కింద పట్టాలు కాసినోని మాట వేరు.

పట్టాల మీద 1974

1974 మే 8న దేశమంతటా రైల్వే సమ్మె మొదలయింది. సుమారు 17 లక్షల మంది కార్మికులున్న సంస్థ. మే 27 దాకా సాగింది. నాయకుడు జార్జి ఫెర్నాండెజ్‌ను మే 2నే అరెస్టు చేసిండ్రు. వేలమంది జైళ్ళ పాలయిండ్రు, వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నరు, కుటుంబాలను రైల్వే క్వార్టర్ల నుంచి బయటికి నెట్టిండ్రు. రైళ్ళు నడపడానికి టెరిటోరియల్ ఆర్మీని దింపిండ్రు. స్వతంత్ర భారతంలో అంత పెద్ద కార్మిక పోరాటం అంతకుముందు లేదు. కాజీపేట జంక్షన్‌కు ఒక పక్కన ఉన్న మన ప్రాంతానికి ఇది దూరపు కథ కాదు.

దాని డిమాండ్లల్ల బోనస్ ఉన్నది, పని గంటల తగ్గింపు ఉన్నది, ప్రభుత్వరంగ కార్మికులతో సమాన జీతం ఉన్నది. క్యాజువల్ కూలీలను పర్మినెంట్ చేయాలనేది కూడా ఉన్నది. ఈ చివరి డిమాండు దగ్గర ఆగాలె. రోజుకూలి మీద కంకర కొట్టే, కట్ట పోసే క్యాజువల్ కూలీకి సమ్మె అంటే ఏంది? పర్మినెంట్ కార్మికుడు సమ్మె చేస్తే ఉద్యోగం పోవచ్చు. పోయింది అని చెప్పడానికి ఒక కాగితమన్నా వస్తది, దాన్ని పట్టుకొని కోర్టుకు పోవచ్చు. క్యాజువల్ కూలీకి తీసేసిన కాగితం కూడా రాదు. రేపు రావద్దంటే అయిపాయె. అందరి రిస్కు ఒక్కటే అన్నట్టు గీసిన గీత కింద రెండు రకాల బతుకులున్నయి.

ఈ సంగతి చెప్పడం 1974ను తక్కువ చేయడం కాదు. క్యాజువల్ కూలీల కోరికను డిమాండ్ల పట్టికలో పెట్టుకోవడం ఆ సమ్మె గొప్పతనం. 1928లో అంబేద్కర్ నేత ఖాతా కోసం అడిగింది కూడా ఇదే: అందరికంటే కిందున్నోని కోరిక పట్టికలో ఉండాలె. అయితే ఆ కోరిక ఎన్నో నంబరులో ఉన్నది, బేరం కాడికి వచ్చేసరికి ముందుగాల ఏది జారిపోతది అనేది ప్రతి సమ్మెకూ పెట్టాల్సిన పరీక్ష.

గేటు లేని సమ్మెలు

గేటు లేనోళ్ళు సమ్మె చేయలేదా? చేసిండ్రు. మన చరిత్రలో వాటికి సమ్మె అని పేరు పెట్టలేదు, అంతే. నిజాం రాజ్యంలో వెట్టి చేయను అన్న మొదటి మాదిగ, మొదటి మాల సమ్మె చేసినట్టే. జీతం లేని పనికి సమ్మె ఏందని అడిగేటోళ్ళుంటరు. జీతం లేకపోవడమే వెట్టి, కాదనే హక్కు లేకపోవడమే వెట్టి. కాదన్న మాటే అక్కడ పికెట్ లైన్.

1978లో జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో కూలి సంఘాలు దొరలకు సాంఘిక బహిష్కారం పెట్టినయి. జీతగాండ్లు పోలేదు, చాకలి బట్టలు ఉతకలేదు, మంగలి గడ్డం గీయలేదు. గడి చుట్టూ జనం ఒక గీత గీసిండ్రు. అక్టోబర్‌లో ప్రభుత్వం ఆ రెండు తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. దీన్ని వర్గపోరాట ఘట్టంగా ఎన్నోసార్లు రాసిండ్రు. దానికి బలమిచ్చింది ఏ వర్గ సూత్రం? చాకలి పని చాకలే చేయాలె, మంగలి పని మంగలే చేయాలె అని ఊరు పెట్టిన నియమమే అక్కడ దొరకు ఉరి అయింది. ఇంకొకడు చేయని పని కాబట్టి ఆపితే ఆగింది. కులం కట్టిన తాడును కింది కులాలు రెండో కొసన పట్టి లాగినయి. ఈ కిటుకును చూడకుండ రాసిన జగిత్యాల చరిత్ర సగం చరిత్ర.

ఇక 1985 జులై 17. కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపినంక మిగిలినోళ్ళు ఊరు విడిచి చీరాల వచ్చి శిబిరం వేసుకున్నరు. దాన్ని మనం బాధితుల శిబిరం అంటం. ఇంకోరకంగ కూడా చూడాలె. పొగాకు చేలకూ పొలాలకూ రెక్కలిచ్చిన వాడ మొత్తం తన రెక్కలను వెనక్కి తీసుకొని ఊరి బయట నిలబడ్డది. తిరిగి పోము అన్నది. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. యూనియన్ రిజిస్టర్ లేదు, సమ్మె నోటీసు లేదు. కాని పని ఆపి, చోటు మార్చి, షరతు పెట్టడం సమ్మె కాకపోతే మరేంది?

వాడ సమ్మెను ఊరు ఎట్ల ఎదుర్కొంటదో 1991 చుండూరు చూపించింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపకముందు అక్కడ దళితుల మీద సాంఘిక బహిష్కారం నడిచింది. పని ఇయ్యరు, చేలల్లకు రానీయరు. అంటే ఊరు కూడా పికెట్ పెట్టగలదు. జగిత్యాలలో ఏ ఆయుధమైతే కిందోళ్ళ చేతిల ఉన్నదో, చుండూరులో అదే ఆయుధం పైనోళ్ళ చేతిల ఉన్నది. దాని తర్వాత వాడలోకి వచ్చిన పికెట్ రెండో అర్థం పికెట్. అందుకనే పికెట్ మంచిదా చెడ్డదా, బహిష్కారం ఒప్పా తప్పా అని గాలిలో చర్చించడం దండుగ. గీత ఎవరి చేతిలో ఉన్నది, ఎవరి రెక్కల మీద గీసిండ్రు అని అడగాలె.

తహసీల్ ఆఫీసు ముందర టెంటు

తెలంగాణ వచ్చినంక సమ్మెలు ఎక్కువగా మండల కేంద్రాలకు చేరినయి. 2022 జులై 25 నుంచి వీఆర్‌ఏలు 80 రోజులు సమ్మె చేసిండ్రు. వీళ్ళు ఎవరు? పరీక్ష రాసి వచ్చినోళ్ళు కొందరు. మిగిలినోళ్ళు నిన్నటి సుంకర్లు, మస్కూర్లు, నీరటోళ్ళ పిల్లలు. తాత నుంచి తండ్రికి, తండ్రి నుంచి కొడుకుకు వచ్చిన ఊరి చాకిరి. అందులో దళితుల పాలు ఎంతనో ఏ తహసీల్ ఆఫీసుకు పోయినా కళ్ళతోనే లెక్కపెట్టొచ్చు. అడిగింది పే స్కేలు, ప్రమోషన్లు. దానితోపాటు వయసు మీదపడ్డోళ్ళ వారసులకు ఉద్యోగం.

వారసత్వం డిమాండు దగ్గర మనకు ఇబ్బంది ఉన్నది. దాన్ని దాచుకోవద్దు. 1928లో బొంబాయి శాసనమండలిలో అంబేద్కర్ మహార్ వతన్ మీద బిల్లు తెచ్చిండ్రు. వారసత్వంగా వచ్చే ఊరి చాకిరి నుంచి మహార్లు బయటపడాలని ఆయన కోరిక. దాదాపు నూరేండ్ల తర్వాత మనం అదే వారసత్వాన్ని హక్కుగా అడుగుతున్నం. ఇది వెనకడుగేనా? తొందరపడి అవును అనలేం. చాకిరి వారసత్వం వేరు, ఉద్యోగ వారసత్వం వేరు. వెట్టిగా వచ్చినన్ని దినాలు ఎవరూ అడ్డం చెప్పలేదు. అది జీతం, పెన్షన్ ఉన్న ఉద్యోగం కాబోయే వేళకు ప్రతిభ గుర్తుకొస్తది. భూమి లేనోనికి తండ్రి కొలువే ఎకరం పొలం. అయినా సరే, కొలువు కొడుక్కు రావాలె గాని ఆ పని కొడుక్కు రావద్దు అనే తేడాను సమ్మె టెంటులో గట్టిగా మాట్లాడుకోవాల్సి ఉండె. 2023 జులైలో ప్రభుత్వం 20 వేల పైచిలుకు వీఆర్‌ఏలను వేరే శాఖల్లో సర్దుతూ ఉత్తర్వులిచ్చింది. సుంకరి అనే పని అట్ల పేరు లేకుండ పోయింది. పోయిన పేరుతోపాటు మన చర్చ కూడా పోవద్దు.

అదే నెల, 2023 జులై 6న, గ్రామ పంచాయతీ కార్మికులు సమ్మెకు దిగి నెల దాటించిండ్రు. వాళ్ళ కోపం మల్టీపర్పస్ వర్కర్ పద్ధతి మీద. ఊడ్చేటోడే ట్రాక్టర్ తోలాలె, మొక్కలకు నీళ్ళు పోయాలె, వీధిలైటు ఎక్కాలె, మోరీ తీయాలె. నిచ్చెనమెట్ల కుల వ్యవస్థ ఒక్కొక్కనికి ఒక్కొక్క పని ఇస్తే, కొత్త పాలన అన్ని కింది పనులనూ ఒక్కని నెత్తిన పెట్టింది.

ఈ సమ్మెకు పికెట్ లైన్ ఎక్కడ ఉన్నట్టు? మోరీ కాడ ఉన్నది. నెక్కొండ సైజు పంచాయతీలో వారం రోజులు మోరీ తీయకపోతే ఊరంతటికీ కబురు అందుతది. ఆ మోరీ తీయడానికి పెద్దకులాల నిరుద్యోగి ఎవడన్నా గీత దాటి వస్తడా? రాడు. అటువైపు మనం కాపలా కాయాల్సిన పనే లేదు, కులమే కాస్తది. పంచాయతీకి మిగిలే దారి ఒక్కటే, పక్క వాడ నుంచో పక్క ఊరి నుంచో ఇంకో దళితుణ్ణి రోజుకూలికి పిలవడం. మన గీత దాటేటోడు మనోడే అయి ఉంటడు. వాణ్ణి నల్లకాలోడని తిడదామా?

2019 ఆర్టీసీ సమ్మెతో పోల్చండి. అక్టోబర్ 5 నుంచి నవంబర్ 25 దాకా, 52 రోజులు, 48 వేల పైచిలుకు కార్మికులు. తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టని ముఖ్యమంత్రి ప్రకటించిండ్రు. తాత్కాలిక డ్రైవర్‌కు రోజుకు 1500, కండక్టర్‌కు 1000 రూపాయలిచ్చి బస్సులు తిప్పిండ్రు. స్టీరింగుకు అంటు లేదు కాబట్టి అన్ని కులాల నిరుద్యోగులు ఎక్కిండ్రు. కాబట్టి డిపో గేటు కాడ కాపలా అవసరమైంది. మోరీకి అంటు ఉన్నది కాబట్టి అక్కడ పోటీ మన నడుమనే. ఒకే రాష్ట్రం, నాలుగేండ్ల తేడా, రెండు సమ్మెలు. రెండింటికీ ఒక్కటే పికెట్ సిద్ధాంతం సరిపోతదని చెప్పేటోళ్ళు మోరీ అంచున ఒక్క పొద్దు నిలబడి చూడాలె.

అమెరికాలో మెంఫిస్ నగరపు నల్ల సఫాయి కార్మికులకు ఈ తేడా తెలుసు. 1968 ఫిబ్రవరి 1న ఇద్దరు కార్మికులు చెత్త లారీ యంత్రంలో నలిగి చనిపోయినంక దాదాపు 1300 మంది సమ్మెకు దిగిండ్రు. వాళ్ళు పట్టుకున్న అట్టల మీద జీతం అంకె లేదు. నేను మనిషిని అని ఉన్నది. వాళ్ళకు అండగ వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న ఆ ఊళ్ళోనే చంపిండ్రు. ఏప్రిల్ 16న సమ్మె గెలిచింది. కూలి పెంచమనడం ఒకటి, కూలి ఇచ్చేటోని ముందర మనిషిగా నిలబడడం ఇంకొకటి. సఫాయి సమ్మె రెండూ ఒక్కసారే అడుగుతది. అందుకే దానికి శత్రువులు ఎక్కువ.

గీత మీద కూసోని తినడం

మన ఉద్యమాలు కనిపెట్టిన ఒక పద్ధతి ఉన్నది - వంటా వార్పు. 2011 సకల జనుల సమ్మె 42 రోజులల్ల తెలంగాణ రోడ్ల మీద, పట్టాల పక్కన పొయ్యిలు వెలిగినయి. దారి మూయడానికి ఎంచుకున్న ఎత్తు అనుకొని దాన్ని తేలికగా రాసిండ్రు. నా మటుకు అదే మన నేలకు తగిన పికెట్. ఎందుకంటే ఎవరు వండిండ్రు, ఎవరు వడ్డించిండ్రు, ఎవరు పక్కన కూసోని తిన్నరు అనే మూడు ప్రశ్నలకు అక్కడ దాచే వీలు లేదు. సఫాయి తల్లి వండిన అన్నం తహసీల్ గుమాస్తా తింటే ఆ రోజు రెండు గీతలు ఒక్కసారి తెగినట్టు. తినకుండ పక్కకు తప్పుకుంటే, మైకులో ఐక్యత ఎంత మోగినా, టెంటు లోపల ఇంకో గేటు ఉన్నట్టు లెక్క.

సమ్మె గొప్పదా కాదా అని కొలవడానికి డిమాండ్ల పట్టిక ఒక్కటే చూడొద్దు. ఎన్ని రోజులు సాగింది, ఎంతమంది చనిపోయిండ్రు అని మాత్రమే చూడొద్దు. గీతకు అవతల పక్కన ఆకలితోటి నిలబడ్డ మనిషి మొన్నటి మీటింగుకు పిలుపు అందుకున్నడా లేదా అని చూడాలె. రోజుకూలి వాణ్ణి సమ్మెకు ముందే సంఘంలోకి తీసుకున్నోళ్ళకు, సమ్మె రోజున వాణ్ణి దాటొద్దు అనే హక్కు ఉంటది. తీసుకోనోళ్ళకు ఆ హక్కు లేదు. వాణ్ణి ద్రోహి అనే హక్కు అసలే లేదు. 1929లో అంబేద్కర్ చెప్పింది ఇదే, 1938లో చేసి చూపింది కూడా ఇదే.

పికెట్ అనే మాటకు వాడలో ఉన్న అర్థం మారాలంటే వాడ తన పికెట్‌ను తానే పెట్టుకోవాలె. సంఘం మీటింగు ఎప్పుడూ యూనియన్ ఆఫీసులోనే ఎందుకు జరగాలె? ఒక్కసారి మోరీ అవతలి ఇండ్ల నడుమ పెట్టండి. రోజుకూలి మీద రేపు ఎవరిని పిలుస్తరో వాళ్ళంతా అక్కడనే ఉంటరు.